మలక్‌పేట రేసుల గుర్రం నెల్లిమర్ల మామిడితోటకు వచ్చాక

మున్నా మా తోటకు వచ్చి ఈ ఫిబ్రవరికి ఏడాది నిండుతుంది. రేసులు మానేసిన గుర్రాన్ని స్వారీ కోసం తెచ్చుకున్నామని తెలిశాక విశాఖ నుంచి, పార్వతీపురం నుంచి, టెక్కలి నుంచి కూడా ఫోన్లు చేసి అడుగుతున్నారు. అందరూ ముందు అడిగేది ధర. నలభై వేలు అనగానే "బుల్లెట్ బండి కన్నా చవకే కదా" అంటారు. నలభై వేలు కట్టాక ఏం జరిగిందో ఫోన్లో అయిదు నిమిషాల్లో చెప్పలేను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన ఏళ్ళలో వారాంతాల్లో స్వారీ నేర్చుకున్నాను. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని కంపెనీ చెప్పాక నెల్లిమర్ల దగ్గర నాన్న మామిడితోటకు వచ్చేశాం. పక్కనే చంపావతి. వేసవిలో ఏటి ఇసుక ఎంత దూరమైనా ఖాళీగా కనిపిస్తుంది. 2023 నవంబరులో ఇంట్లో మాట ఎత్తాను. నాన్న వద్దనలేదు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు, ఆలోచించుకో" అని మాత్రం అన్నారు.

మలక్‌పేటలో చలికాలం రేసులు ఫిబ్రవరి దాకా ఉంటాయి. సీజన్ చివరికొచ్చేసరికి గెలవని గుర్రాలకు నెలనెలా ఖర్చు పెట్టడం ఓనర్లకు భారం అవుతుంది. ఆ రెండు మూడు నెలల్లో చాలా గుర్రాలు చేతులు మారతాయి. కొన్ని పెళ్ళి ఊరేగింపులకు, కొన్ని బీచ్‌లో పిల్లలను ఎక్కించి తిప్పడానికి వెళ్తాయి. అదృష్టం ఉన్నవి స్వారీ క్లబ్బులకు వెళ్తాయి. నేను డిసెంబరులో వెతకడం మొదలుపెట్టాను.

మొదటి గుర్రాన్ని ఒక మధ్యవర్తి చూపించాడు. నిగనిగలాడే నల్ల గుర్రం, ఇరవై అయిదు వేలే. ముందు ఎడమకాలికి బ్యాండేజీ ఉంది. "చిన్న వాపు మేడం, వారంలో తగ్గిపోద్ది" అన్నాడు. స్టేబుల్‌తో సంబంధం లేని డాక్టరును తీసుకెళ్ళి కాలి వెనక, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్‌కు స్కాన్ తీయించాను. తెర మీద తెల్లటి పోగుల మధ్య నల్లటి మచ్చ స్పష్టంగా కనిపించింది. అది పోగులు తెగిన చోటు అని డాక్టరు చెప్పారు. మానడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది, మానినా మళ్ళీ తెగే ప్రమాదం ఉంటుంది. ఆ గుర్రాన్ని వదులుకుని వచ్చేటప్పుడు చాలా బాధేసింది, దాని తప్పేం లేదు కదా. కానీ కాలు బాగాలేని గుర్రాన్ని గుర్రాల ఆసుపత్రి లేని మా జిల్లాకు తీసుకొస్తే అది ఇంకా పెద్ద అన్యాయం అవుతుంది.

మున్నాను జనవరి మొదట్లో చూశాను. ఆరేళ్ళ గెల్డింగ్, అంటే వృషణాలు తీయించిన మగ గుర్రం. గోధుమ రంగు ఒళ్ళు, నుదుట చిన్న తెల్ల మచ్చ. భుజం దగ్గర అయిదడుగుల నాలుగంగుళాలు, బరువు దాదాపు 470 కిలోలు. రికార్డుల్లో పొడుగాటి ఇంగ్లీషు పేరు ఉంది, గుర్రాన్ని చూసుకునే సైస్ మాత్రం మున్నా అని పిలుస్తాడు. నాలుగేళ్ళు పరిగెత్తి ఒక్క చిన్న రేసు గెలిచింది. దెబ్బ ఏదీ లేదు, వేగం లేదు అంతే. స్వారీకి కావాల్సింది సరిగ్గా అలాంటిదే. గాయం వల్ల రేసులు మానిన గుర్రానికి, నెమ్మది వల్ల మానిన గుర్రానికి ధరలో పెద్ద తేడా ఉండదు, తర్వాత పడే కష్టంలో మాత్రం చాలా తేడా ఉంటుంది.

డాక్టరు రెండు గంటలు చూశారు. ఒక్కో కాలు మడిచి నిమిషం పట్టుకుని, వదలగానే చిన్న పరుగులాంటి ట్రాట్‌లో నడిపించి కుంటుతోందేమో గమనించారు. మోకాళ్ళకు, కింది కీళ్ళకు ఎక్స్‌రేలు తీశారు. పూర్తి వేగంతో (గ్యాలప్) పరిగెత్తించి ఊపిరి విన్నారు. రేసు తర్వాత ముక్కులోంచి రక్తం వచ్చిన చరిత్ర ఉందా అని ట్రైనర్‌ను అడిగారు, లేదన్నారు. రెండు గుర్రాల పరీక్షలకు కలిపి పద్నాలుగు వేలు అయింది. ఇంత పెట్టి పరీక్ష ఎందుకని మా ఆయన అడిగారు. నల్ల గుర్రం స్కాన్ ఫోటో చూపించాక ఇంకేం అనలేదు.

తర్వాత గ్లాండర్స్ పరీక్ష. ఇది గుర్రాల నుంచి మనుషులకు కూడా సోకే జబ్బు. టీకా లేదు. పాజిటివ్ అని తేలితే వైద్యం చెయ్యనివ్వరు, పశువుల అంటువ్యాధుల నివారణకు తెచ్చిన 2009 చట్టం ప్రకారం ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే. రక్తం హరియాణాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించాం. ఫలితం రావడానికి మూడు వారాలు పట్టింది. గుర్రం ఇంకా నాది కూడా కాలేదు, అయినా ఆ మూడు వారాలు ప్రతి ఫోన్ మోతకూ టెన్షనే. నెగటివ్ అని మెసేజ్ వచ్చిన రోజు ఆఫీసు మీటింగ్ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాలేదు. రేసు గుర్రానికి పాస్‌పోర్టు పుస్తకం ఉంటుంది. అందులో ఒంటి మీది మచ్చలు, సుడులు అన్నీ బొమ్మ గీసి ఉంటాయి. మెడలో మైక్రోచిప్ ఉంటుంది, ఆ నంబరు పుస్తకంలోని నంబరుతో సరిపోవాలి. మళ్ళీ రేసుల్లో పరిగెత్తించనని రాసిచ్చాను. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే ముందు తనకు చెప్పమని పాత ఓనరు అడిగారు. ఆ మాట నాకు నచ్చింది, దాన్నీ కాగితం మీద పెట్టించాను.

ఫిబ్రవరి మూడో వారంలో లారీ బయల్దేరింది. గుర్రాలను తరలించడానికే కట్టిన లారీ, తిరుగు ఖర్చుతో కలిపి అరవై రెండు వేలు. అంటే గుర్రం ధర కన్నా ఎక్కువ. ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్ దారిలో రెండు చోట్ల చూపించాల్సి వచ్చింది. డాక్టరు ఒక్క జాగ్రత్త పదేపదే చెప్పారు. గుర్రం తల పైకి కట్టేసి ఉంచితే లోపలి కఫం, దుమ్ము కిందికి జారవు, ఊపిరితిత్తులకు చీము పడుతుంది. అందుకని ప్రతి నాలుగు గంటలకూ ఆపి, తాడు వదులు చేసి, తల నేలదాకా వంచనిచ్చి గడ్డి, నీళ్ళు పెట్టాలి. సైస్ పక్కనే కూర్చుని అలాగే చేశాడు. సూర్యాపేట, విజయవాడ, రాజమండ్రి, అనకాపల్లి దాటి మర్నాడు మధ్యాహ్నానికి తోటకు చేరారు. మూడు రోజుల పాటు పొద్దున సాయంత్రం థర్మామీటర్ పెట్టి చూశాను. 38 డిగ్రీలు దాటలేదు.

రేసుకోర్సులో మైకులు, జనం, లారీలు, రాత్రిపూట లైట్లు, అన్నీ అలవాటైన గుర్రం. ఒళ్ళు కడగనిస్తుంది, కాళ్ళు ఎత్తనిస్తుంది, లారీ ఎక్కమంటే ఎక్కుతుంది. ఇవన్నీ వేరే గుర్రాలకు నేర్పడానికి నెలలు పడతాయి. అలాంటిది మా పక్కింటి గేదెను చూసి వణికిపోయింది. పుట్టాక గేదెను చూసి ఉండదు. గేదె కంచె పక్కనుంచి పోతుంటే ముక్కు పుటాలు పెద్దవి చేసి, తోక ఎత్తి, సాల చుట్టూ చెమటలు పట్టేలా తిరిగింది. కొబ్బరి మట్ట రాలిపడితే అంతే. అదే వారం రోడ్డు మీద డప్పులతో అమ్మవారి ఘటం వెళ్తే చెవి కూడా కదపలేదు.

అసలు కష్టం రెండో రోజు రాత్రి మొదలైంది. మున్నా తినడం మానేసింది. అప్పటిదాకా తన జీవితంలో చుట్టూ గుర్రాలు లేని రాత్రి లేదు. తోడుకు మేక ఉన్నా చాలని చాలామంది చెప్తారు, అందుకని రెండు మేకలను ముందే సిద్ధం చేశాం. మున్నా వాటివైపు చూడనైనా చూడలేదు. రాత్రంతా కంచె వెంట అటూ ఇటూ నడవడం, ఆగి సకిలించడం, జవాబు కోసం చెవులు నిక్కించి నిలబడడం. ఆ సకిలింపు మా వీధి చివరిదాకా వినిపించేది. నాలుగు రోజుల్లో డొక్కలు లోపలికి పోయాయి.

విజయనగరంలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే తాత ఒకాయన ఉన్నారు. ఎవరో చెప్తే ఆయనే సైకిల్ మీద వచ్చారు. మున్నా దగ్గరికి వెళ్ళలేదు, కంచె బయట బీడీ కాల్చుకుంటూ గంటసేపు చూశారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "గుర్రం మందలో బతికే జీవం అమ్మా. ఒక్కదాన్నీ ఇలగ ఒగ్గేస్తే తిండి ఎలగ తింటాది? నా లచ్చిమిని తెచ్చి కడతాను. మేపు నువ్వు చూసుకో. పెళ్ళిళ్ళకి మాత్రం నాను తోలుకెళ్తాను" అన్నారు. లచ్చిమి పొట్టి గుర్రం, పదిహేనేళ్ళు దాటిన ఆడది. సాయంత్రం దాన్ని తోలుకొచ్చి పక్క గదిలో కట్టారు. మున్నా చెక్క మీంచి తల పెట్టి లచ్చిమి మెడ వాసన చూసింది. లచ్చిమి చెవులు వెనక్కి పెట్టి కరవబోయింది. మున్నా రెండడుగులు వెనక్కి వేసి, అక్కడే తొట్టిలో ఉన్న గడ్డి మీద తల వంచి తినడం మొదలుపెట్టింది. ఆ నమిలే చప్పుడు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

మీరు ఉన్న ఊళ్ళో ఇంకో గుర్రం లేకపోతే రేసు గుర్రాన్ని తేవద్దని నేను చెప్పడానికి కారణం ఇదే. కాలు విరగడం, కింద పడడం అందరూ ఊహించే ప్రమాదాలు. ఒంటరితనాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. మన ఉత్తరాంధ్రలో గుర్రాలు తక్కువ కాబట్టి మనకు అదే అన్నింటి కన్నా పెద్ద ప్రమాదం.

తినడం మొదలుపెట్టినా పళ్ళు కొరకడం, దాణా సగంలో వదిలేయడం, కడుపు మీద చెయ్యి వేస్తే చిరాకు పడడం తగ్గలేదు. గరివిడి పశువైద్య కళాశాల మాకు గంటలోపు ప్రయాణం. అక్కడి డాక్టర్లను అడిగాం. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుందట. రేసుల్లో ఉన్నప్పుడు గింజ ఎక్కువ, గడ్డి తక్కువ పెడతారు కాబట్టి కడుపు గోడ పుండు పడుతుంది. రేసు గుర్రాల్లో చాలావాటికి ఇది ఉంటుంది. ఖాయంగా తెలియాలంటే మూడు మీటర్ల పొడవున్న ఎండోస్కోపు కావాలి, అది ఇక్కడ దొరకదు. లక్షణాలను బట్టి ఆమ్లం తగ్గించే ఒమిప్రజోల్ మొదలుపెట్టారు, 28 రోజులు. ఒంటి బరువు కిలోకు నాలుగు మిల్లీగ్రాముల లెక్క. మనం వేసుకునే 20 మిల్లీగ్రాముల బిళ్ళలైతే రోజుకు తొంభై పైనే మింగించాలి. అందుకని గుర్రాల కోసం చేసే పేస్టు తెప్పించాం. ఆ కోర్సుకు ఇరవై ఆరు వేలు. పది రోజులకు పళ్ళు కొరకడం ఆగింది. నెల తిరిగేసరికి ఒంటి మీద వెంట్రుక మెరుపు తేలింది.

దాణా దగ్గర ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఆవులకు పెట్టే తవుడు, చిట్టు కలిపి పెడితే బలం వస్తుందని నాన్న. ఉడికించిన ఉలవలు లేకపోతే గుర్రం గుర్రమే కాదని తాత. తవుడులో భాస్వరం ఎక్కువ. మేం అరెకరంలో వేసిన నేపియర్ గడ్డిలో ఆక్సలేట్లు ఉంటాయి, అవి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. రెండూ కలిస్తే గుర్రం తన ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది, ముఖం ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది. అందుకని తవుడు పూర్తిగా ఆపాం. నేపియర్ తగ్గించి గట్ల మీద గరిక కోయించి పెట్టాం, హైదరాబాద్ నుంచి లూసర్న్ అనే మేత మొక్క ఎండుగడ్డి తెప్పించాం, కాల్షియం కలిపాం. వరిగడ్డి కాలక్షేపానికి గుప్పెడు మాత్రమే. రేసుల్లో తిన్న ఓట్స్‌ను ఒక్కసారి ఆపకుండా మూడు వారాల్లో మెల్లగా తగ్గించాం. ఉలవలు మాత్రం తాత మాట కాదనలేక, డాక్టరు కూడా సరేనన్నాక, రోజుకో అరకిలో ఉడికించి ఇస్తున్నాం. మున్నాకు అవంటే ప్రాణం. కుక్కర్ విజిల్ వింటే సాలలోంచి కాలితో నేల తవ్వడం మొదలుపెడుతుంది. గడ్డి, దాణా, మందులు అన్నీ కలిపి నెలకు పద్నాలుగు వేలు.

వచ్చాక దాదాపు అయిదు నెలలు ఎక్కలేదు. ఎక్కకూడదు కూడా. ఏళ్ళ తరబడి రోజూ పరిగెత్తిన ఒంటికి విశ్రాంతి కావాలి. వెనక కాళ్ళ నాడాలు తీసేశాం, ముందువి ఆ తర్వాత. గిట్టల అడుగు పలచన కాబట్టి రాళ్ళున్న చోట కొన్నాళ్ళు ఆచితూచి నడిచింది. ఎద్దులకు నాడాలు కొట్టేవాళ్ళు మా వైపు ఉన్నారు గానీ గుర్రం గిట్ట పని వేరు. హైదరాబాద్ నుంచి ఆరేడు వారాలకోసారి ఒకాయన రైల్లో వచ్చి గిట్టలు చెక్కి వెళ్తారు, వచ్చినప్పుడల్లా ఆరు వేల దాకా ఖర్చు. పళ్ళ పక్క అంచులు కత్తిలా ఉంటే ఆకురాయితో అరగదీయించాం. ధనుర్వాతం టీకా వేయించాం, గుర్రానికి ఆ జబ్బు చాలా తేలిగ్గా వస్తుంది.

ఏప్రిల్ మధ్యలో ఇంకో దెబ్బ. మన దగ్గర ఎండ కన్నా ఉక్క ఎక్కువని చెప్పక్కర్లేదు. ఒక సాయంత్రం తాడు పట్టుకుని తోట చుట్టూ నడిపించి తెచ్చాను, అంతే. అరగంటైనా మున్నా ఎగశ్వాస తగ్గలేదు. మెడ మీద చెయ్యి వేస్తే వేడిగా, పొడిగా ఉంది. అంత ఉక్కలో నా చొక్కా తడిసి ముద్దయింది, దానికి చెమట చుక్క లేదు. థర్మామీటర్ 39.7 చూపించింది. బోరు కింద నిలబెట్టి నీళ్ళు కొట్టాం, ఆపకుండా. ఒళ్ళు చల్లబడేదాకా చల్లటి నీళ్ళు కొడుతూనే ఉండాలని డాక్టరు ఫోన్లో చెప్పారు. ముప్పావుగంటకు 38.6కు దిగింది.

వేడీ తేమా కలిసిన చోట కొన్ని గుర్రాలకు చెమట పట్టడం ఆగిపోతుంది. దానికి ఖాయమైన మందు లేదు. చల్లగా ఉంచడమే. సాలలో రెండు పెద్ద ఫ్యాన్లు, పైన కొబ్బరాకుల పందిరి, దాణాలో ఉప్పు, ఎలక్ట్రోలైట్లు, పగలంతా నీడలో, మేత రాత్రిపూట. మే నెలంతా కరెంటు పోతే నాకు గుండె ఆగేది. ఇన్వర్టర్ ముందు మా గదికి కాదు, సాలకే కలిపాం. జూన్ చివర్లో వానలు పడ్డాక ఒక పొద్దున జూలు కింద తడి కనిపించింది. నాన్న వేలితో ముట్టుకుని నాకు చూపించారు. ఆ రోజు ఇంట్లో పరవాన్నం వండాం.

అప్పటిదాకా తెల్లవారుజామున పొడుగు తాడు మీద గుండ్రంగా తిప్పడం, మాటతో ఆగడం, వెనక్కి నడవడం నేర్పుతూ వచ్చాను. జులై రెండో వారంలో జీను వేసి ఎక్కడానికి సిద్ధమయ్యాం. ఇక్కడ రేసు గుర్రం గురించి తెలియాల్సినవి రెండున్నాయి. రేసుల్లో జాకీని పక్కవాళ్ళు కాలు పట్టి పైకి విసురుతారు, గుర్రం నడుస్తూనే ఉంటుంది. రికాబులో కాలు పెట్టి బరువు వేస్తే కదలకుండా నిలబడాలని మున్నాకు ఎవరూ చెప్పలేదు. స్టూలు తెచ్చి పక్కన పెట్టడం, నేను ఎక్కి ఊరికే నిలబడడం, దిగడం. తర్వాత కడుపును జీను మీద ఆనించడం, దిగడం. ఎక్కి కూర్చునే దాకా పది రోజులు పైనే పట్టింది.

రెండోది పగ్గం. మామూలు గుర్రానికి పగ్గం బిగిస్తే ఆగమని. రేసు గుర్రానికి పగ్గం బిగిస్తే దాన్ని ఆనుకుని ఇంకా గట్టిగా పరిగెత్తమని. భయపడి లాగామా, మనమే పరిగెత్తమని చెప్పినట్టు. అందుకని మొదటి నెల పగ్గాలు వదులుగా వదిలేసి, నా నడుము బరువుతో, ఊపిరి వదలడంతో, చిన్న చిన్న గుండ్రాలతో వేగం తగ్గించడం నేర్పాను. నేను కూడా నా చేతులకు కొత్తగా నేర్పుకున్నాను.

సెప్టెంబరులో ఏటి గట్టు మీద వెళ్తుండగా వెనక నుంచి ఒక కుర్రాడు బైకు రైజ్ చేస్తూ వచ్చాడు. వెనక నుంచి దగ్గరపడే చప్పుడు అంటే మున్నాకు ఇంకో గుర్రం తరుముకొస్తున్నట్టే. ఒక్క ఉదుటున లంఘించింది. చేతులు జూలులో పెట్టి, లాగకుండా, ఇసుక మెత్తగా ఉన్న వైపు తిప్పగలిగాను. లోతు ఇసుకలో వేగం తగ్గింది గానీ ఒక తాటిదుంగ అడ్డం వస్తే పక్కకు దూకింది, నేను కుడివైపు పడ్డాను. హెల్మెట్ చిట్లింది, తల బాగుంది. రెండు పక్కటెముకలు బీటలు వారాయి. ఆరు వారాలు ఎక్కొద్దన్నారు. నేను లేచి కూర్చునేసరికి మున్నా ఇరవై గజాల దూరంలో ఆగి ఉంది. పగ్గాలు కాళ్ళకు చుట్టుకోకుండా అడుగులో అడుగు వేసుకుంటూ నా దగ్గరికే వచ్చింది. హెల్మెట్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి, మంచిది కొనండి, పడ్డాక అదే హెల్మెట్ మళ్ళీ వాడకండి.

ఆ ఆరు వారాల్లో మా ఆయన బైకును సాల పక్కన రోజూ స్టార్ట్ చేసేవారు. ముందు దూరంగా, తర్వాత దగ్గరగా, చివరికి వెనక నుంచి నడిపిస్తూ, ప్రతిసారీ ఒక క్యారెట్ ముక్క. అక్టోబరు 31న దీపావళి టపాసులకు ఊళ్ళో ఆవులు తాళ్ళు తెంపుకున్నాయి, మున్నా గడ్డి తింటూ ఉంది. నవంబరు మొదట్లో మళ్ళీ ఎక్కాను. ఇప్పుడు వెనక నుంచి బైకు వస్తే ఒక చెవి వెనక్కి తిప్పి, నేనేమంటానో వింటుంది. నేను ఊపిరి వదిలితే తనూ వదులుతుంది.

ఇంత కష్టానికి ఏం దక్కిందని అడిగితే, నాకు దక్కింది ఆ వినడమే. క్లబ్బులో నేను ఎక్కిన గుర్రాలను మడమతో పొడిస్తే గానీ కదిలేవి కావు. మున్నా మీద ఎడమవైపు చూస్తే చాలు, చూపుతో పాటు నా తుంటి తిరిగిన కాస్త తేడాకే తనూ తిరుగుతుంది. ఒకసారి అర్థమైన విషయం మళ్ళీ చెప్పక్కర్లేదు. డిసెంబరులో ఒక పొద్దున మంచులో చంపావతి ఇసుక మీద మధ్యరకం వేగంతో (క్యాంటర్) పరిగెత్తాం, పగ్గం రెండు వేళ్ళ మధ్య ఉంది. నెమ్మదించమని ఊపిరి వదిలాను, నడకలోకి దిగింది. రేసుల కోసం పుట్టించి, రేసులకు పనికిరాదని పక్కన పెట్టిన జీవం అది. దాని మీద కూర్చున్నప్పుడు నాకు చాలా గర్వంగా ఉంటుంది.

ఖర్చు మొత్తం చెప్తాను. గుర్రం, పరీక్షలు, లారీ, సాల కట్టడానికి లక్షా పది వేలు, దాని వీపుకు సరిపోయేలా కొత్త జీను ముప్పై ఎనిమిది వేలు, మేత, మందులు, నాడాల మనిషి, లచ్చిమి మేపు. ఏడాది తిరగకుండానే అయిదు లక్షలు దాటింది. ఇందులో స్వారీ చేసింది లెక్కేస్తే నాలుగు నెలలైనా ఉండదు. నెలకు పాతిక వేలు పక్కన పెట్టలేకపోతే, కనీసం ఆరు నెలలు ఎక్కకుండా ఓపిక పట్టలేకపోతే, స్వారీ కొత్తగా నేర్చుకుంటుంటే, రేసు గుర్రం జోలికి వెళ్ళొద్దు. స్వారీ క్లబ్బులో వయసు మళ్ళిన నెమ్మది గుర్రం చూసుకోండి.

ఇంకా తేలని సమస్య ఒకటుంది. కార్తీకంలో పెళ్ళిళ్ళకు తాత లచ్చిమిని తోలుకెళ్ళిన రాత్రులు మున్నా మళ్ళీ కంచె వెంట తిరిగింది, మేత ముట్టలేదు. ఆ రాత్రులు నేను సాలలోనే మంచం వేసుకున్నా పెద్దగా మార్పు లేదు. ఈ నెలాఖరున మాఘమాసం ముహూర్తాలు మొదలైతే లచ్చిమి వరసగా వెళ్ళాలి, అది తాతకు జీవనాధారం. అందుకని ఆయనకు తెలిసినవాళ్ళ దగ్గర అనకాపల్లిలో పనికి రాని ముసలి గుర్రం ఒకటుంటే మాట్లాడాం. డబ్బు అడగలేదు, మేపితే చాలన్నారు. దాని రక్తం సోమవారం హిసార్ పంపించాం. ఫలితం వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది, ఈలోపు ముహూర్తాలు వస్తే ఆ రాత్రులకు లచ్చిమి అద్దె నేనే ఇచ్చి ఇక్కడే ఉంచుకుంటానని తాతతో మాట్లాడుకున్నాను.